ఎల్బోలో ఇరుక్కున్న మాట

నాలుగు కాగానే నది ఒడ్డున ఆగిన మోటర్‌హోముల్లోంచి ఒక్కొక్కరే మడతకుర్చీ చంకన పెట్టుకుని బయల్దేరతారు. ఎవరి కుర్చీ వాళ్ళదే, ఎవరి సీసా వాళ్ళదే, చీజూ బిస్కెట్లూ మాత్రం అందరివీ. ఉద్యోగాలయ్యాక ఇళ్ళు అమ్మేసి, బండే ఇల్లుగా ఆస్ట్రేలియా అంతా తిరిగే ముసలాళ్ళు వీళ్ళు. యూకలిప్టస్ చెట్ల నీడలో గుండ్రంగా కూర్చుని పొద్దుగూకేదాకా ఒకటే కబుర్లు. దీనికి నాలుగింటి సభ అని పేరు. జ్వరమొచ్చినా దుప్పటి కప్పుకుని వస్తారు గానీ ఎవరూ మానరు.

మావిస్ ఒక్కతే మానేసింది. మొగుడు ఆర్చీ పోయిన రోజు నుంచి నాలుగవుతోందంటే చాలు, బండి కిటికీలకి తెరలు లాగేసుకుంటుంది.

వాళ్ళ బండి టాయిలెట్‌కి ఒక గుణముంది. అందులో కూర్చుని ఏం అనుకున్నా, ఆ మాట నీళ్ళతోపాటు పైపులోకి దిగి కింద ట్యాంకులో చేరుతుంది. వారం వారం ఊరి చివర మురుగు పారబోసే గుంట దగ్గర వాల్వు తిప్పితే అన్నిటితోపాటు మాటలూ బయటికొస్తాయి, అన్నవాళ్ళ గొంతుతోనే. "దేవుడా, ఈవిడ వండిన మాంసం చెప్పు అట్టలా ఉంది" అని ఆర్చీ గొంతు. "ఈయన గురకకి బండి సీలలు ఊడొస్తున్నాయి" అని మావిస్ గొంతు. వెనక వరుసలో తమ వంతు కోసం ఉన్నవాళ్ళు మర్యాదస్తులు, ఆకాశం చూస్తూ వానల గురించి మాట్లాడుకునేవాళ్ళు. ఎవరి బండి గోల వాళ్ళకి ఉంటుంది కదా! మొగుడూ పెళ్ళాం ఒకరి మొహం ఒకరు చూసుకుని పకపకా నవ్వేసి, గొట్టం కడిగి చుట్టేసుకునేవాళ్ళు. పైపు మాటలు మనసులో పెట్టుకోకూడదని పెళ్ళయిన కొత్తలోనే ఒప్పందం.

ఆర్చీ పోయింది ఆ టాయిలెట్‌లోనే. మావిస్ దానికి తాళం వేసేసింది. ట్యాంకు ఖాళీ చెయ్యలేదు. పొద్దున్నే మంచులో, మోకాళ్ళు పట్టేసినా సరే, అంత దూరాన ఉన్న రేకుల షెడ్డు దొడ్డికే వెళ్ళొస్తోంది.

ఒకరోజు పొద్దున బండి కింద నేల తడిగా కనిపించింది. మావిస్ వంగి చూసింది. టప్‌మని ఒక చుక్క పడింది. "ఐదు అడ్డం ఏమిటి చెప్మా" అంది ఆర్చీ గొంతు, జలుబు చేసినట్టు ముక్కుతో.

మావిస్ మెట్టు మీద కూలబడింది. ఆర్చీకి టాయిలెట్‌లో గళ్ళ నుడికట్టు నింపే అలవాటుండేది. టప్. "ఈ పెన్ను పాడుగాను." టప్. పక్క బండి నోరీన్ కుక్క మోటూ పరిగెత్తుకొచ్చి, చుక్కలు పడే చోట కూర్చుని తోకాడించింది. పాపం, దానికి బిస్కెట్లు పెట్టింది ఆయనే మరి.

ఆ మధ్యాహ్నం స్థలం యజమాని రాస్ వచ్చాడు. టోపీ తీసి చేతుల్లో తిప్పుకుంటూ నిలబడ్డాడు.

"మావిస్ గారూ, ఆర్చీ గొంతు వింటే నాకూ బాగానే ఉందండీ. కానీ ఇక్కడ వాలు నదిలోకి. నా ఆవులు తాగే నీళ్ళు. ఈ వారంలో పైపు బాగుచేయించండి. లేదంటే బండి తియ్యక తప్పదు."

"అమ్మేస్తానులే బాబూ. కొనేవాళ్ళే ఆవిరి పెట్టి ట్యాంకంతా కడిగించుకుంటారట" అంది మావిస్.

ఆ మాట నోరీన్ చెవిన పడింది. నోరీన్ గొర్రెల బొచ్చు కత్తిరించే షెడ్లలో జీవితమంతా వంట చేసిన మనిషి. గొంతు నది అవతలికి వినిపిస్తుంది. చేతికి ఏ పనిముట్టు దొరికితే దాంతో ఏదో ఒకటి బాగుచేస్తుంది. తిన్నగా బండి కింద దూరి చూసొచ్చింది.

"పైపు వంపులో ఎల్బో చీలిందే, అంతే. ఎల్బో చీలిందని ఇల్లు అమ్ముకునేదాన్ని నిన్నే చూశాను!"

"ఎల్బో కోసం కాదే."

"మరి దేనికి ఏడుపు?"

మావిస్ కొంగలా మెడ వంచుకుంది. ఒక్కసారిగా బయటపెట్టేసింది. "చెల్లెలు పోయాక ఏడాదిపాటు నేను నవ్వలేదు. నీకు తెలుసు. ఆ రోజు సభలో నువ్వు ఈము పక్షి నీ పళ్ళసెట్టు మింగిన కథ చెప్పావు. పొట్ట పట్టుకుని నవ్వాను. అదే సమయానికి ఆయన లోపల ప్రాణం మీదికొచ్చి నన్ను పిలిచే ఉంటాడు. మావిస్, మావిస్ అని. నా నవ్వుకి నాకే వినపడలేదు. ఆ పిలుపు ట్యాంకులోనే ఉంది నోరీన్. అది వింటే నేను బతకలేను."

 ఆ కథ చెప్పింది నోరీనే కదా. ముక్కు చీది, చెయ్యి లంగాకి తుడుచుకుని లేచింది.

"కొనేవాడికి కూడా కారే బండి ఇవ్వకూడదు. రేపు నాలుగింటికి పోదాం, అందరూ సభలో ఉంటారు, గుంట దగ్గర పురుగుండదు. నువ్వు ముందు సీట్లో కూర్చుని రేడియో పెట్టుకో. విన్నా నేను వింటాను."

మర్నాడు అలాగే వెళ్ళారు. మావిస్ అద్దాలు బిగించి, రేడియోలో ఎవడో గొర్రెల ధరలు చదువుతుంటే అదే పెద్దగా పెట్టుకుని కూర్చుంది. నోరీన్ గొట్టం తగిలించి వాల్వు తిప్పింది. ఒక్క చుక్క కూడా దిగలేదు. చీలికలోంచి చుక్కలు కారుతున్నా, నెలల తరబడి లోపల గట్టిపడి ఎల్బో మూసుకుపోయింది. దాన్ని అక్కడే కోసి తియ్యాలి. బకెట్టు పెట్టుకుని, హాక్సా బ్లేడుతో కిందకి దూరింది. కాసేపటికి కిందనుంచి బండి అడుగున ధన్ ధన్‌మని బాదింది.

"ఒసేయ్ మావిస్! ఈ చివర పట్టుకోకపోతే ఇదంతా నా మొహాన పడుతుంది! రా!"

"నేను రాను!"

"అయితే నా తద్దినం నువ్వే పెట్టు!"

చచ్చినట్టు దిగింది మావిస్. ముక్కుకి గుడ్డ కట్టుకుని, చాప పరుచుకుని, బొక్కబోర్లా పడి పాకింది. రెండు చేతులతో పైపు పట్టుకుంది.

"నేను చెవులు మూసుకుంటాను" అంది.

"మూసుకో, మూడో చెయ్యి ఉంటే" అంది నోరీన్, బ్లేడు ఆడిస్తూ.

ఎల్బో ఊడి వచ్చేసింది. దాంతోపాటు భళ్ళున మాటలు. వాసన సంగతి చెప్పక్కర్లేదు. ఐదు అడ్డం, పద్నాలుగు నిలువు, ఎవరీ మూత తెరిచి పెట్టింది, కాఫీ చల్లారిపోయింది మావిస్. ఆ తర్వాత ఆగి ఆగి తీసుకున్న ఊపిరి. మావిస్ కళ్ళు గట్టిగా మూసుకుంది.

"అబ్బా... గుండెలో..." అంది ఆర్చీ గొంతు. "మావి..."

అంతలో ఎక్కడినుంచో పెద్ద నవ్వు. గుడ్డు పెట్టిన కోడి అరిచినట్టు, ఆగకుండా, ఎక్కిళ్ళతో. మావిస్ నవ్వే అది. ఆ రోజు కిటికీలోంచి వచ్చి ఆయన మాటతో కలిసి పైపులోకి దిగిపోయిన నవ్వు.

"అదిగో" అన్నాడు ఆర్చీ, మెల్లగా. "నా ముసల్ది నవ్వుతోంది. హమ్మయ్య. ఏడాదయింది విని. పిలిస్తే పరిగెత్తుకొచ్చేస్తుంది... వద్దులే. నవ్వనీ. బాగుంది."

ఇంకేం రాలేదు. తర్వాత ఉత్త నీళ్ళే.

మావిస్ పైపు వదల్లేదు. బండి కింద, ఆ కంపులో, చెయ్యి నొప్పెడుతున్నా పట్టుకునే ఉంది. ఏడుస్తోంది. నోరీన్ కూడా ఏడుస్తూనే కొత్త పైపు చివరకి గరుకు కాగితం రుద్ది, సొల్యూషన్ రాసి, కొత్త ఎల్బో ఎక్కించి నొక్కి పట్టింది.

"రేపటిదాకా ముట్టుకోకు" అంది మొహం తుడుచుకుంటూ. "అతుకు ఆరాలి."

తిరిగొచ్చాక మావిస్ బండి కొంటానన్నవాళ్ళకి ఫోన్ చేసి లేదని చెప్పేసింది.

మర్నాడు నాలుగైంది. మావిస్ టాయిలెట్ తాళం తీసింది. కిటికీ బార్లా తెరిచింది. మూత కూడా ఎత్తి పెట్టింది. కుర్చీ చంకన పెట్టుకుని సభకి వెళ్ళి, నోరీన్ పక్కన వేసుకు కూర్చుంది. అందరూ ఆవిడకి చోటిచ్చి, నిన్న కూడా వచ్చిందన్నట్టే బిస్కెట్ల పళ్ళెం అటు జరిపారు.

"ఆ ఈము కథ చెప్పు" అంది మావిస్.

"విన్నదేగా."

"విన్నదే చెప్పు. కాస్త గట్టిగా చెప్పు."

నోరీన్ లేచి నిలబడి, ఈములా మెడ సాచి మరీ చెప్పింది. పళ్ళసెట్టు గుటుక్కుమనే చోటుకి రాగానే మావిస్ నవ్వు అందుకుంది. అవతలి ఒడ్డు చెట్ల మీది కాకతువ్వలు గుంపుగా లేచిపోయాయి. ఆవిడ నవ్వుతూనే ఉంది.

వారం తిరిగాక మావిస్ ఒక్కతే బండి తోలుకుంటూ గుంట దగ్గరికి వెళ్ళింది. ట్యాంకు ఖాళీ చేసుకుని అట్నుంచటే ఉత్తరాన సముద్రం దాకా పోదామని అనుకుంది. ఆర్చీ చూడాలనుకున్న చోటే అది. వాల్వు తిప్పింది. కొత్త ఎల్బో చుక్క కారలేదు. గొట్టంలోంచి ఆవిడ నవ్వు వచ్చింది, కోడిలా, ఎక్కిళ్ళతో. దాని వెనకే, జలుబు చేసినట్టు ముక్కుతో, సన్నగా ఇంకో నవ్వు.

మావిస్ గొట్టం మీద చెయ్యి వేసుకుని అది ఆగేదాకా నిలబడింది. వెనక వరుసలో ఉన్నవాళ్ళు ఆకాశం చూస్తూ, ఈ ఏడు వానలు బాగానే పడేట్టున్నాయని మాట్లాడుకున్నారు.