నువ్వు అన్నందుకు రెండు నిమిషాలు

ఆ పిల్లకు అగ్గిపుల్ల అని పేరు పెట్టింది జట్టు గోల్‌కీపరు. సన్నగా పొడుగ్గా ఉంటుంది, తలకు ఎర్ర బ్యాండు కడుతుంది, ఎవరైనా కాస్త రాసుకుంటే చాలు భగ్గుమంటుంది. పదిహేడేళ్ళు. హాకీ కర్ర పట్టిందంటే మాత్రం బంతి కర్రకు అతుక్కుపోతుంది, నలుగురు అడ్డం పడినా ఊడదు. ఇలాంటి ఆట ఇరవయ్యేళ్ళ కోచింగులో చూడలేదని ఆ పిల్ల పిన్ని కనిపించిన వాళ్ళందరితోనూ చెప్పుకునేది. చెప్పుకోవడానికి ఆమెకు రెండు హక్కులున్నాయి. పిల్ల తల్లికి ఆమె తోడబుట్టిన చెల్లెలు, పైగా ఆ జట్టుకు కోచ్. ఇంట్లో పిన్ని, మైదానంలో మేడమ్.

పిల్లకు ముక్కు మీద ఉండే ఆ కోపం ఎవరి పోలిక అన్న విషయంలో ఇంట్లో ఎవరికీ అనుమానం లేదు, పిన్నికి తప్ప. అచ్చం నీ నోరే వచ్చిందే అని అక్క అన్నప్పుడల్లా పిన్ని కొట్టిపారేసేది. తను ముక్కుసూటి మనిషట, అది కోపం కాదట. ఒకసారి కండక్టరు ఏదో అన్నాడని నడుస్తున్న బస్సు ఆపించి దిగిపోయి నాలుగు కిలోమీటర్లు నడిచి వచ్చింది. వ్యాయామం కోసం నడిచానని ఈ రోజుకీ అంటుంది.

ఆ ఏడు టోర్నమెంటులో మొదటి రెండు ఆటల్లోనే అగ్గిపుల్లకు రెండు కార్డులు పడ్డాయి. హాకీలో అంపైరు పచ్చ కార్డు చూపిస్తే రెండు నిమిషాలు బయట కూర్చోవాలి, పసుపుదైతే కనీసం ఐదు, ఎర్రదైతే ఇక ఆ రోజుకు బట్టలు సర్దుకోవడమే. రెండుసార్లూ పచ్చదే, రెండుసార్లూ ఒక్క మాటకే. నెరిసిన మీసాల అంపైరు దగ్గరకు పోయి, "నువ్వు చూశావా అసలు?" అని అడిగింది. ఆట అయ్యాక ఆయన పిన్నిని పక్కకు పిలిచి మర్యాదగానే చెప్పాడు. పిల్లలు ఆవేశంలో ఎగిరిపడితే ఓర్చుకుంటాడట, మనవరాలి వయసుది నిలబెట్టి నువ్వు అంటే మాత్రం చెయ్యి దానంతటదే జేబులోకి పోతుందట.

ఆ సాయంత్రమే జూనియర్ జట్టు సెలెక్టరు ఫోన్ చేసింది. అగ్గిపుల్ల ఆట ఆమెకు నచ్చింది. శిక్షణ శిబిరానికి ఒక్క చోటు మిగిలింది, అది ఈ పిల్లకే ఇవ్వాలని ఉంది. కానీ ఈ టోర్నమెంటులో మూడో కార్డు పడిందా, పేరు కొట్టేస్తానంది. "ఆట మేం నేర్పగలం. మనిషిని మళ్ళీ కని పెంచలేం కదా."

వచ్చే ఏడాదికి పిల్లకు పద్దెనిమిది దాటుతాయి. పద్దెనిమిది లోపు వాళ్ళ ఆ జట్టులో ఇక చోటుండదు. ఫోన్ పెట్టేశాక పిన్నికి అన్నం సహించలేదు.

మర్నాడు పొద్దున్న సామాన్ల గదిలో, కర్రల డ్రమ్ము పక్కన పిల్లను నిలబెట్టి కొత్త చట్టం చదివింది. ఇవాళ్టి నుంచి మైదానంలో ఎవరినీ నువ్వు అనకూడదు. అంపైరుతో సరే, తోటి పిల్లలతో, ఎదుటి జట్టుతో, చివరికి గేటు తీసే అతనితో కూడా మీరు, అండీ. ఒక్కసారి నోరు జారితే మైదానం చుట్టూ పది రౌండ్లు. ఈ మందు పిన్ని స్వానుభవంతో కనిపెట్టింది. తను పనిచేసే బడి హెడ్‌మాస్టరు గారితో గొడవ పెట్టుకున్న ప్రతిసారీ మీరు అనవలసి రావడంతో సగంలోనే ఊపు పోయేది. బుద్ధి ఉందా నీకు అన్న మాట దానంతటదే నిలబడుతుంది. మీకు బుద్ధి ఉందాండీ అంటే అడిగినవాడికే నవ్వొస్తుంది.

మొదటి రోజు అగ్గిపుల్ల డెబ్భై రౌండ్లు బాకీ పడింది. మూడో రోజుకు పదికి దిగింది. వారం తిరిగేసరికి డిఫెండరు కాళ్ళ మధ్య నుంచి బంతి లాగుతూ, "కాస్త జరుగుతారాండీ" అనడం మొదలుపెట్టింది. గోల్‌కీపరు పొట్ట పట్టుకు నవ్వి వరసగా మూడు గోల్స్ వదిలేసింది. ఈ గోల్‌కీపరును అందరూ బీరువా అంటారు, గోలుకు అడ్డంగా నిలబడితే వెనక వల కనపడదు.

పిన్ని అక్కడితో ఆగలేదు. పిల్లను కెప్టెన్‌ను చేసింది. బావగారు అన్నం ముందు నుంచి తలెత్తి, కోపిష్టిదానికి పెత్తనం కూడానా అని అడిగాడు. అదే మందులో రెండో డోసు అంది పిన్ని. ఆ లీగు నియమాల ప్రకారం జట్టులో ఎవరు తప్పుగా ప్రవర్తించినా జవాబు చెప్పుకోవలసింది కెప్టెనే. బయట బెంచీ మీద వాళ్ళు నోరు పారేసుకున్నా కార్డు కెప్టెన్‌కే పడుతుంది. అప్పుడైనా తన కోపం పక్కన పెట్టి నలుగురి కోపం చూసుకుంటుందని ఆమె లెక్క. బెంచీ మీద కూర్చునేదెవరని అక్క అడిగింది. నేనూ, నలుగురు అదనపు పిల్లలూ, మా వల్ల ఏమొస్తుందిలే అంది పిన్ని.

మందు పనిచేసింది. తర్వాతి మూడు ఆటల్లో ఒక్క కార్డు లేదు. చీలమండ మీద కర్ర దెబ్బ తగిలినప్పుడు కూడా అగ్గిపుల్ల పళ్ళు కొరుక్కుని, "చూసి ఆడండి" అని మాత్రం అంది. జట్టు ఫైనల్‌కు చేరింది.

ఫైనల్ నాడు నాలుగింటికి మైదానం కిటకిటలాడిపోయింది. నీళ్ళు చల్లిన పచ్చ టర్ఫ్ ఎండకు మెరుస్తోంది. సెలెక్టరు గ్యాలరీలో రెండో వరసలో, ఒళ్ళో నోటుబుక్కు పెట్టుకుని కూర్చుంది. అంపైరు ఆ నెరిసిన మీసాలాయనే. పిన్ని బెంచీ మీద కూర్చోలేక, నిలబడలేక, టేపు చుట్ట ఒకటి చేతిలో పెట్టుకుని ఊడదీస్తూ చుడుతూ ఉంది.

ఆట మొదటి నిమిషం నుంచీ పిచ్చెక్కించింది. ఎదుటి జట్టు ఒక గోల్ వేస్తే వీళ్ళు ఒకటి వేశారు. వాళ్ళు రెండోది వేస్తే అగ్గిపుల్ల సగం మైదానం ఒంటరిగా పరిగెత్తి సమం చేసింది. రెండుకు రెండు. చివరి పావుగంటలో ఇక ఆరు నిమిషాలు మిగిలాయి. గ్యాలరీలో ఎవరూ కూర్చుని లేరు, ఒక్క సెలెక్టరు తప్ప.

అప్పుడు అగ్గిపుల్ల ఎడమ పక్క నుంచి దూసుకొచ్చింది. ఒకరిని దాటింది, ఇంకొకరిని దాటింది, గోలు ముందు గీసిన అర్ధవృత్తంలోకి అడుగుపెట్టింది. బంతి పక్కకు తోసేలోపు ఎదుటి డిఫెండరు అడ్డం వచ్చింది. బంతి ఆమె బూటుకు తగిలి ఆగిపోయింది. అక్కడ బంతి పాదానికి తగిలితే పెనాల్టీ కార్నర్, అంటే గోలు మీదికి కొట్టే ప్రత్యేక అవకాశం ఇవ్వాలి, పసిపిల్లలకు కూడా తెలుసు. అంపైరు చెయ్యి ఊపి ఆట సాగించమన్నాడు.

పిన్ని పిల్ల ఏమంటుందో, ఏమంటుందో అని చూసింది. అగ్గిపుల్ల పరిగెత్తుతూనే, "పాదానికి తగిలిందండీ, మీకు కనపడలేదేమో" అంది. ఆయన లేదని తల అడ్డంగా ఊపాడు. సరేనండీ అని పిల్ల వెనక్కి తిరిగి తన చోటుకు పరుగు తీసింది.

అంతే. అక్కడితో అయిపోవలసింది. కానీ పిన్నికి కళ్ళు బైర్లు కమ్మాయి. చేతిలోని టేపు చుట్ట ఎటు పోయిందో ఆమెకు తెలియలేదు. గీత దాకా వెళ్ళిపోయింది.

"ఏమయ్యా, నీకు కళ్ళున్నాయా? నువ్వు ఆట చూస్తున్నావా, నిద్రపోతున్నావా?"

మైదానం మొత్తం వినపడింది. విజిల్ మోగింది. ఆట ఆగింది. మీసాలాయన తాపీగా నడిచి వచ్చి, పిన్ని వంక చూడకుండా, కెప్టెన్‌ను వేలితో పిలిచాడు. జేబులోంచి పచ్చ కార్డు తీశాడు.

మూడో కార్డు.

పిన్ని గ్యాలరీ వైపు చూడకూడదు అనుకుంటూనే చూసింది. సెలెక్టరు తల వంచుకుని నోటుబుక్కులో ఏదో రాస్తోంది. ఇన్నాళ్ళూ పిల్ల చేత మైదానమంతా అరగదీయించిన ఒక్క మాట, తన నోట్లోంచి అప్పనంగా ఊడిపడింది. అక్క చెప్పింది నిజమే. పోలిక ఎవరిదో ఊరంతటికీ తెలిసింది, తనకు ఇప్పుడు తెలిసింది.

అగ్గిపుల్ల టేబుల్ పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీ వైపు నడుచుకుంటూ వస్తోంది. దవడ బిగుసుకుని ఉంది. కర్ర పట్టుకున్న వేళ్ళు తెల్లబడ్డాయి. ఆ కర్ర గాలిలోకి లేస్తుందని పిన్ని ఎదురుచూసింది. లేస్తే లేవనీ, నా నెత్తిన పడినా పడనీ అనుకుంది. పిల్ల కుర్చీలో కూర్చుంది. కర్ర ఒళ్ళో అడ్డంగా పెట్టుకుంది.

పిన్ని ఉండబట్టలేక మళ్ళీ గీత వైపు కదిలింది. ఆ మాట అన్నది తను, కార్డు తనకివ్వాలి, ఇదెక్కడి న్యాయమని ఆయన్ను నిలదీయాలి. నోరు తెరవబోయింది.

"మేడమ్," అంది వెనక నుంచి పిల్ల. గొంతు పైకి లేవలేదు. "మీరు కూర్చోండి. మీరింకో మాటంటే ఈసారి పసుపు ఇస్తారు. ఐదు నిమిషాలు నేనిక్కడే ఉంటే ఆట అయిపోతుందండీ."

పిన్ని కూర్చుంది. ఆమె జీవితంలో ఎవరైనా కూర్చోమంటే మారుమాట లేకుండా కూర్చోవడం అదే మొదలు.

ఆ రెండు నిమిషాలు రెండేళ్ళు సాగాయి. పదిమందితో పదకొండుమందిని ఆపాలి. బంతి అంతా వీళ్ళ వైపే. ఒక దెబ్బ కర్రలకు తగిలి బయటికి పోయింది. ఇంకొకటి నేరుగా గోలు మూలకు వెళ్తుంటే బీరువా, అంత భారీ మనిషీ, అడ్డంగా పడి కాలితో తన్నేసింది. అగ్గిపుల్ల కళ్ళు బంతి మీద నుంచి కదల్లేదు, పెదవులు మాత్రం క్షణాలు లెక్కపెడుతున్నాయి. పిన్ని రెండు అరచేతులతో నోరు మూసుకుని కూర్చుంది.

టేబుల్ దగ్గరి మనిషి చెయ్యి ఊపగానే అగ్గిపుల్ల లోపలికి పరిగెత్తింది. ఎదుటి డిఫెండరు ఒళ్ళు రాసుకుంటూ వచ్చి, మీ వాళ్ళే నిన్ను ముంచారటగా అని గుచ్చింది. అవునండీ అని పిల్ల ఆమెను దాటుకుని వెళ్ళిపోయింది. అప్పటి నుంచి ఇక పట్టపగ్గాల్లేవు. కుడి నుంచి వచ్చింది, ఆపారు. మధ్య నుంచి వచ్చింది, ఆపారు. పద్దెనిమిది సెకన్లుండగా మళ్ళీ ఎడమ నుంచి వచ్చింది, మళ్ళీ బంతి అదే బూటుకు తగిలింది. మీసాలాయన చెయ్యి ఈసారి గోలు వైపు చాచాడు. పెనాల్టీ కార్నర్.

బంతి వెనక గీత నుంచి లోపలికి జారింది. అర్ధవృత్తం అంచున ఒక పిల్ల దాన్ని ఆపింది. అగ్గిపుల్ల వంగి, కర్ర నేలకు ఆనించి బంతిని లాక్కుంటూ వచ్చి విసిరింది. బీరువా కన్నా పెద్ద బీరువాలు నలుగురు నిలబడి ఉన్నారు అక్కడ. వాళ్ళ మోకాళ్ళ పక్క నుంచి పోయి బంతి గోలు వెనక చెక్కకు తగిలింది. ఠప్పుమన్న ఆ చప్పుడు పిన్ని చెవుల్లో పడ్డాక గానీ ఆమె చేతులు నోటి మీద నుంచి తీయలేదు.

మూడుకు రెండు. పిల్లలందరూ ఒకరి మీద ఒకరు కుప్పగా పడ్డారు. పిన్నికి ఆ కుప్పలో దూకాలని ఉంది, ఏడవాలని ఉంది, నవ్వాలని ఉంది. కానీ గ్యాలరీ మెట్లు దిగి వస్తున్న సెలెక్టరు కనపడింది. ఎదురు పరిగెత్తింది. ఆ కార్డు తనదని, పిల్లది కాదని, కావాలంటే తనను కోచ్‌గా తీసేయమని, ఆ ఒక్క చోటు మాత్రం పిల్ల నుంచి లాక్కోవద్దని ఊపిరి తీసుకోకుండా చెప్పింది.

సెలెక్టరు నోటుబుక్కు తెరిచి చూపించింది. మూడో కార్డు రాసి ఉంది, తారీకుతో సహా.

"కార్డు కార్డే, రాశాను," అంది సెలెక్టరు. "కానీ ఆ రెండు నిమిషాలు నేను బంతి చూడలేదు. ఆ పిల్ల మొహమే చూశాను. అంత అన్యాయం జరిగాక నోరు జారకుండా కూర్చోవడం మా పెద్ద జట్టులో కూడా సగంమందికి రాదు. సోమవారం శిబిరానికి పంపండి."

పిన్ని రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టబోయింది.

"ఒక్క షరతు," అంది సెలెక్టరు. "మీరు రాకూడదు. శిబిరానికి గానీ, అక్కడ ఆడే ఆటలకు గానీ. గేటు దగ్గర దింపి వెళ్ళిపోవాలి. మీ నోటికి ఆ పిల్ల ఇంకోసారి కుర్చీలో కూర్చోవడం నాకిష్టం లేదు."

పిన్నికి అరికాలి మంట నెత్తికెక్కింది. నాలుగేళ్ళప్పుడు ఆ పిల్ల చేతిలో కర్ర పెట్టింది తను. వేలు వంచి పట్టు నేర్పింది తను. పదమూడేళ్ళలో ఒక్క ఆట కూడా తను చూడకుండా ఆ పిల్ల ఆడలేదు. చెప్పడానికి నువ్వెవరు అన్న మాట నాలుక చివరిదాకా వచ్చి నిలబడింది. అవతల పిల్లల కుప్పలోంచి ఎర్ర బ్యాండు పైకి లేచింది. అగ్గిపుల్ల జుట్టు మొహం మీద పడి, ఒళ్ళంతా నీళ్ళతో, పిన్ని కోసం నలుదిక్కులా వెతుకుతోంది.

పిన్ని గుటక వేసింది.

"అలాగేనండీ," అంది.