నన్ను ఉడకబెట్టని రోజు

నేను గడ్డానికి నురగ పట్టించే ఒక పంది బొచ్చు బ్రష్షును. మొహం చిట్లించకండి. బొచ్చు పందిదే అయినా పిడి మాత్రం శుభ్రమైన ఎర్ర ప్లాస్టిక్‌ది. ఉత్తరాదిన ఎక్కడో ఒక రేకుల షెడ్డులో ఒకావిడ నా వెంట్రుకల్ని కుచ్చుగా కట్టి, జిగురు పోసి, పిడిలో కూర్చింది. చవక సరుకును కదా, నన్ను తిప్పి ఇంకోసారి చూడను కూడా లేదు. విశాఖపట్నం బజార్లో ఒక కొట్టు ముందు వేలాడుతుంటే మైలపల్లి ఎల్లాజీ వచ్చి, ఒకటి పోయినా ఇంకొకటి ఉంటుందని మమ్మల్ని ముగ్గురినీ ఒకేసారి కొనేశాడు.

ఎల్లాజీ బోటు మీద వేటకెళ్లే మనిషి. వేసవిలో వేట నిషేధం వచ్చి అరవై ఒక్క రోజులు బోట్లన్నీ కట్టేశారు. ఇంట్లో ఎనిమిది నెలల కూతురు దీక్షిత. అది పుట్టాక అతను ఇంటిపట్టున ఉన్నది వేటకీ వేటకీ మధ్య నాలుగేసి రోజులే. ఎత్తుకుంటే చాలు, ఉప్పుగాలికి బిరుసెక్కిన ఆ గడ్డం గుచ్చుకుని పిల్ల వీధి చివరిదాకా వినిపించేలా ఏడ్చేది.

"నిన్ను సూసి కాదు మావా, ఆ ముళ్లకంపని సూసి" అని భార్య నూకరత్నం ఓదార్చేది. అతను ఓదారేవాడు కాదు. బోట్లు కదిలేలోగా పిల్ల ఒక్కసారైనా తన దగ్గర ఏడవకుండా ఉండాలని అతని పంతం.

చేత్తో సబ్బు రుద్దుకుని గీసుకుంటే సగం గడ్డం మిగిలిపోయేది, సగం చర్మం ఊడొచ్చేది. అప్పుడు సెలూన్ సూరిబాబు మా సంగతి చెప్పాడు. "పంది బొచ్చు బ్రష్షు కొను బావా. రోజూ నానబెట్టి నురగ తియ్యి, నీడన ఆరబెట్టు. నెల్లాళ్లు ఓపిక పడితే దాని కొసలు సీలి దూదిలాగ అయిపోద్ది, ఆ నురగకి ఎంత బిరుసు గడ్డమైనా నున్నగా తెగుద్ది."

ఉడకబెట్టొద్దని మాత్రం చెప్పలేదు. ఉడకబెట్టాలని ఎవరికి తోస్తుంది గనక!

నూకరత్నానికి తోచింది.

ముందు మా పెద్దన్న పోయాడు. వాడికి వెంట్రుకలు రాలే జబ్బు. ఎనిమిదో రోజున పిల్ల చుబుకం మీద ఒక వెంట్రుక అంటుకుని కనిపించింది. "ఓలమ్మో! ఇది గొంతులో పడుంటేనో!" అని నూకరత్నం వాణ్ణి పిడితో సహా చెత్తబండిలో వేసి, చాప దులిపింది, పక్క దులిపింది, ఆఖరికి మొగుణ్ణి కూడా దులిపింది.

రెండోవాడు పన్నెండు రోజులు బతికాడు. పిల్ల నోటికి తగిలేవన్నీ ఉడకబెట్టమని ఆసుపత్రిలో నర్సు ఒకసారి చెప్పింది. ఆ 'అన్నీ' అన్న మాటను నూకరత్నం గట్టిగా పట్టుకుంది. పాలసీసా సరే, గిలక్కాయను ఉడకబెట్టి వంకర చేసింది. అలాంటిది పంది కంపు కొడుతున్న బ్రష్షును వదులుతుందా? గిన్నె దించేసరికి జిగురు కరిగి పిడి అడుగుకు చేరింది, బొచ్చు పైన తేలింది.

అత్త పోలమ్మ తొంగిచూసింది. "ఏటే, ఇయ్యాల పందికూరేటి మనింట?"

ఎల్లాజీ నవ్వలేదు. బ్రష్షు మళ్లీ కొనొచ్చు, నానబెట్టిన రోజుల్ని ఏ కొట్టులో అమ్ముతారు? "బోట్లు కదలడానికి ఇంక నలబై రోజులే ఉన్నాయి. ఇంకిదొక్కటే ఉంది. దీని జోలికెల్లకు" అని నన్ను చూపించాడు. నూకరత్నం తలదించుకుంది. భయంతోనే చేసిందని అతనికీ తెలుసు, నాకూ తెలుసు.

నేనూ మొదట్లో మంచివాణ్ణేం కాను. గుచ్చుకునేవాణ్ణి, కంపు కొట్టేవాణ్ణి, రోజుకు అయిదారు వెంట్రుకలు రాల్చేవాణ్ణి. ఆవిడ నన్ను ఉడకబెట్టలేదు గానీ, నేను నానిన నీళ్లను టీ వడకట్టే జల్లెడలో పోసి వెంట్రుకలు వెతికేది. మూడు వారాలకు జల్లెడలో ఏమీ మిగలకుండా పోయింది. ఒక మధ్యాహ్నం తలుపు చాటున నన్ను తన చెంపకు రాసుకుని కళ్లు మూసుకుంది. ఎవరూ చూడలేదనుకుంది, పాపం.

రెండు రోజుల్లో బోట్లు కదులుతాయనగా ఎల్లాజీ నిదానంగా నురగ పట్టించి గీసుకున్నాడు. నూకరత్నం ముందు తన చెంప ఆనించి చూసి, "ఊఁ" అని పిల్లను అందించింది. వల లాగేటప్పుడు కూడా ఆ మనిషి అంతలా ఊపిరి బిగబట్టి ఉండడు. పిల్ల అతని బుగ్గ తడిమింది, ముక్కు పట్టుకుంది, రెండు పళ్లతో దవడ కొరికింది. ఏడవలేదు. ఎల్లాజీయే కంట్లో సబ్బు పడిందన్నాడు. మొహం కడుక్కుని అప్పటికి చాలాసేపయింది.

ఉప్పునీళ్లలో సబ్బు నురగ కట్టదు, అందుకే నన్ను ఇంట్లో వదిలి వేటకు వెళ్లాడు. మూడో రోజు పొద్దున పిల్ల ఊరికే గునుస్తూ, పాక్కుంటూ వచ్చి కింది గూట్లోంచి నన్ను లాగి చెంపకు ఆనించుకుంది, తర్వాత నోటికి. నూకరత్నం కెవ్వున అరిచి లాక్కుంది. పొయ్యి మీద నీళ్లు అప్పటికే మరుగుతున్నాయి. నన్ను గిన్నె మీదికి తెచ్చింది. ఆవిరి తగిలింది. నా పని అయిపోయిందనుకున్నాను.

ఎందుకో ఒకసారి వాసన చూసింది. పంది కంపు ఎప్పుడో పోయింది. ఇప్పుడు నా దగ్గర ఉన్నది ఎల్లాజీ సబ్బు వాసన.

"ఏటలా నిలబడిపోనావు?" అంది పోలమ్మ.

"ఏటీ లేదత్తా" అని, నా కుచ్చును వేలితో రెండుసార్లు దువ్వి, ఏమీ రాలలేదని చూసుకుని, ఒళ్లో కూచోబెట్టుకున్న పిల్ల చెంప మీద నన్ను మెల్లగా తిప్పింది. పిల్ల గునుస్తున్నదల్లా ఆగింది.

మరుగుతున్న నీళ్లలో ఆ రోజు పాలసీసా ఒక్కటే వేసింది.