అక్కయ్య చుట్టూ గీసిన గీత

ఆఫీసు తెరవగానే అందరూ చేసే మొదటి పని, క్యారియర్లు తెచ్చి అక్కయ్య బల్ల చుట్టూ పేర్చడం. మధ్యాహ్నం మూత తీస్తే తిండి అప్పుడే పొయ్యి మీంచి దించినట్టుండేది. తడిసిన గొడుగులు ఆవిడ కుర్చీ వెనక ఆరేవి. జలుబు చేసినవాళ్ళు ఏదో కాగితం అడిగే వంకతో వచ్చి, కాసేపు నిలబడి, ముక్కు తెరిపిన పడ్డాక వెళ్ళిపోయేవాళ్ళు.

ఆవిడ ఒంటి వేడి అలాంటిది. చేసేది తపాలా విప్పి ముద్ర వేసే పని. ఎదురుగా అక్కయ్యగారు అనేవాళ్ళు, చాటున కుంపటి అనేవాళ్ళు.

అది బీమా క్లెయిములు చూసే ఆఫీసు. ఒకప్పుడు గిడ్డంగి కావడంతో గోడలకు పుట్టుకతోనే చలి. ఒకటే హాలు, వరసగా బల్లలు, అడ్డమన్నది లేదు. ఈ మూల తుమ్మితే ఆ మూల ఉలిక్కిపడేవాళ్ళు. పోయినవాళ్ళ కాగితాలూ కాలినవాళ్ళ కాగితాలూ తిరగేసీ తిరగేసీ అక్కడి మనుషులు కూడా కొంత చల్లబడిపోయారనుకోవాలి.

ఉద్యోగులు నిలవడం లేదని, ఆఫీసును ఇల్లులా వెచ్చగా, ఎటు కావాలంటే అటు మార్చుకునేలా చెయ్యమని మేనేజరుకి పైనుంచి ఆదేశం వచ్చింది. ఆయన ఒక డిజైనరుని పిలిపించాడు. ఆ అమ్మాయికి ఇదే మొదటి పెద్ద పని. థర్మామీటరు పట్టుకుని హాలంతా తిరిగి, అక్కయ్య దగ్గర ఆగిపోయింది. ప్లాన్ మీద ఆవిడ చుట్టూ ఎర్ర పెన్సిలుతో గుండ్రంగా గీత గీసింది. దీపాలు, తివాచీలు, మొక్కలు రాసినచోట ఆవిణ్ణి కూడా చేర్చింది. మనుషుల్ని రాసినచోట చేర్చడం మర్చిపోయింది. చెడ్డపిల్లేం కాదు. పనిలో పడితే చుట్టూ ఏమీ కనబడని రకం.

కొద్ది రోజుల్లో హాలు గుర్తుపట్టలేనట్టు మారిపోయింది. పసుపు దీపాలు, మెత్తటి సోఫాలు, జరిపితే జరిగే చెక్క తెరలు. ఎవరికీ సొంత చోటు లేదు, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడే కూర్చోవాలి. అక్కయ్య కుర్చీకి చక్రాలు బిగించారు.

"నాకెందుకమ్మా చక్రాలు? కాళ్ళున్నాయిగా?"

"మీరు నడవక్కర్లేదండీ. ఎవరికి చలేస్తే వాళ్ళే తోసుకెళ్తారు" అంది డిజైనరు.

అక్కయ్య నవ్వింది. అందరూ నవ్వారు. ఒక్కరికైనా తప్పనిపించలేదు చూడండి, అదీ ఒళ్ళు మండే సంగతి. తపాలా పని ఇంకెవరికో అప్పగించారు. పొద్దున క్లెయిముల జట్టు, ఆ తర్వాత ఫోన్ల జట్టు, సాయంత్రం మీటింగు గది. "కుంపటిని ఇటు తొయ్యండర్రా!" అని ఇప్పుడు మొహం మీదే కేకేసేవాళ్ళు.

ఆ వేడి కోసం ఇంట్లో ఇంకో ప్రాణం కాచుకుని ఉండేది. అక్కయ్య కూతురికి నెలలు నిండకుండా పుట్టిన పాప. ఒంట్లో వేడి నిలవడం లేదు, ఛాతీకి ఆనించుకుని ఉంచండని చెప్పి డాక్టరు ఇంటికి పంపేసింది. తల్లి వేడి చాలేది కాదు. సాయంత్రం అమ్మమ్మ వచ్చి, గుండెకు ఆనించుకుని, శాలువా కప్పుకుంటేనే పాప గోళ్ళలో నీలం పోయేది. ఆ కాస్త వేడితోనే మర్నాడు సాయంత్రం దాకా నెట్టుకొచ్చేది.

ఇప్పుడు అమ్మమ్మ చల్లబడి వస్తోంది.

"అమ్మా, నీ చేతులేంటి ఇలా ఉన్నాయి?"

"బయట గాలిలే."

"అబద్ధాలాడకు. ఇవాళంతా పాప ఏడవలేదే. ఏడ్చే ఓపిక కూడా లేదు దానికి. నువ్వు సెలవు పెట్టమ్మా."

అక్కయ్య వెళ్ళి అడిగింది. మేనేజరు ప్లాన్ తీసి చూశాడు.

"తప్పుగా అనుకోకండి అక్కయ్యగారూ. కొత్త పద్ధతిలో మీరు సామానులోకి వస్తారు. సామానుకి సెలవేంటి చెప్పండి?"

పెద్ద అధికారులు కొత్త హాలు చూడ్డానికి వచ్చిన రోజు అక్కయ్యను సరిగ్గా మధ్యలో పెట్టారు. అధికారులు కోట్లు విప్పి, సోఫాల్లో వాలి, బాగుంది బాగుందంటున్నారు. అంతలో కూతురు పాపను దుప్పటిలో చుట్టుకుని తలుపు తోసుకుని వచ్చింది. ఎవరి వైపూ చూడలేదు.

"అమ్మా, కదలడం లేదే ఇది."

అక్కయ్య పాపను గుండెకు ఆనించుకుని కళ్ళు మూసుకుంది. హాల్లో వేడంతా వెనక్కి మళ్ళింది. ముందు మూలలు చల్లబడ్డాయి, తర్వాత సోఫాలు. అధికారులు కోట్లు మళ్ళీ తొడుక్కున్నారు.

"పెద్దవాళ్ళున్నారండీ, ఒక్క పది నిమిషాలు ఆగండి" అన్నాడు మేనేజరు పళ్ళు బిగబట్టి.

"నేను ఆగుతాను బాబూ. ఇది ఆగదు."

పాప కెవ్వుమంది. పుట్టినప్పుడు కూడా అంత గట్టిగా ఏడవలేదది. కూతురు నేల మీద కూలబడి తనూ ఏడ్చింది.

అక్కయ్య మాత్రం మళ్ళీ వెచ్చబడలేదు. ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ కప్పినా వణుకు ఆగలేదు. ఉన్నదంతా ఇచ్చేసి, తనకంటూ ఏమీ ఉంచుకోలేదు పిచ్చితల్లి. వారం తిరక్కుండానే పోయింది.

హాల్లో పసుపు దీపాల కింద జనం కోట్లలో ముడుచుకుని కూర్చుంటున్నారు. మేనేజరు డిజైనరుకి ఫోన్ చేశాడు.

"ఆ వేడి మనవరాలికి వచ్చిందంటున్నారు. వెళ్ళి చూసి రా. నిజమైతే తల్లికి ఉద్యోగం ఇద్దాం, పిల్లని వెంట తెచ్చుకోమందాం. చిన్నది కదా, తిప్పడం కూడా తేలిక."

కూతురు తలుపు తీసి, అమ్మ చెప్పిన పోలికల్ని బట్టి వచ్చిందెవరో గుర్తుపట్టింది. రమ్మనలేదు, పొమ్మనలేదు. పాప మంచం మీద కాళ్ళు ఆడిస్తోంది. బయట ఒకటే ముసురు. గదిలో తాడు మీద వేసిన గుడ్డలన్నీ పెళపెళలాడుతూ ఆరిపోయాయి. డిజైనరు పాప పొట్ట మీద చెయ్యి పెట్టింది. ఆ వేడి మోచేతి దాకా పాకింది. పక్కనే గోడకు అక్కయ్య శాలువా వేలాడుతోంది. ఆ అమ్మాయికి సిగ్గేసింది.

చేతిలో ఫోన్ మోగింది.

"ఏమైంది? ఉందా?"

కూతురు పాపను లాక్కుని ఎత్తుకుంది. గోడకు ఆనుకుని, డిజైనరు నోటికేసే చూస్తోంది.

"లేదు సార్. మామూలు పిల్లే" అంది డిజైనరు. "పసిపిల్లల ఒళ్ళు ఎలా ఉంటుందో అలాగే ఉంది."

"సరిగ్గా చూశావా?"

"చెయ్యి పెట్టి చూశానండీ."

"మరి హాలు సంగతేంటి? అందరూ గజగజలాడి చస్తున్నారిక్కడ."

"హీటర్లు పెట్టించండి సార్."