తలుపు పక్కన కుంగిన రింగు

పొద్దున్నే వాకిట్లో ముగ్గేసినాక వరదమ్మ చేసే మొదటి పని సైడుడ్రమ్ములు చూసుకోవడం. శ్రీకాళహస్తిలో వాళ్లది బ్యాండుమేళం ఇల్లు. మొగుడు కుప్పయ్య వాయించేవాడు, ఆమె శ్రుతి చేసేది. ఒక బోల్టు అర చుట్టు బిగిస్తే, తర్వాత దానికి ఎదురుగా ఉండే బోల్టు బిగించాల. వరసగా బిగించుకుంటా పోతే చర్మాన్ని పట్టి ఉండే రింగు వంకర పోతుంది. చివర్లో ప్రతి బోల్టు దగ్గరా వేలితో తట్టి, అన్ని చోట్లా ఒకే పలుకు వచ్చేదాకా వదిలేది కాదు.

వాటిల్లో ఆమె మామ కాలంనాటి ఇత్తడి డ్రమ్ము ఒకటి. దాని దగ్గర ఎవరన్నా అబద్ధం చెబితే, ఆ మనిషి ఉండే పక్క రింగు కుంగేది. మేళంలో అందరికీ తెలిసిందే. బూరలూదే మునస్వామి తాగలేదని చెప్పాలంటే వీధి మలుపు దాకా పోయి ఆడనించి అరిచి చెప్పేవాడు.

ఆ ఏడు కూతురు జయంతికి సంబంధం వచ్చింది. పిల్లోడు రవిచంద్ర, గూడూరు మేళంలో క్లారినెట్టు. పెద్దోళ్లతో వచ్చి తలుపు పక్క కుర్చీలో కూచున్నాడు. జయంతి కాఫీలిచ్చి ఆ కుర్చీ వెనకే తలుపుకు ఆనుకొని నిలబడింది. తండ్రి అడిగితే, "ఇష్టమే నాయనా" అనింది.

వాళ్లు పోయినాక చూస్తే, నడింట్లో పెట్టిన ఆ ఇత్తడి డ్రమ్ముకు తలుపు వైపు రింగు కుంగి ఉంది.

"ఏమబ్బా, ఆ పిల్లోడు ఏందో దాస్తా ఉండాడు" అనింది వరదమ్మ.

"నీకు దేవుడి మీదన్నా నమ్మకం ఉండాదామ్మే?" అన్నాడు కుప్పయ్య.

రింగు ఊడదీసి, నాపరాయి మీద పెట్టి, ఎగుడుదిగుడు లేకుండా కొయ్య సుత్తితో తట్టి సరిచేసింది. తాంబూలాల రోజు అనుకోవడానికి వాళ్లు మళ్లీ వచ్చినప్పుడు జయంతి ఆ కుర్చీ వెనకే నిలబడి తనకు సమ్మతమే అనింది; వాళ్లు పోయినాక రింగు అదే చోట కుంగింది. ఇంక ఆమెకు ఆ పిల్లోడి ఇస్త్రీ చొక్కా మీద అనుమానం, తలొంచుకొని కాఫీ తాగడం మీద అనుమానం. మునస్వామిని గూడూరు పంపించింది. అతను తిరిగొచ్చి డ్రమ్ము పక్కనే నిలబడి, "మంచోడు వదినా, బీడీ కూడా తాగడు" అన్నాడు. రింగు కదల్లేదు. 'ఈయన్ని కూడా నమ్మించినాడే' అనుకునింది వరదమ్మ.

తాంబూలాలు దగ్గర పడినాయి. జయంతి రవికెలు కుట్టించుకోను పోయిన పూట, ఎస్‌టీడీ బూతు నుంచి ముందే ఫోను చేయించి పిలిపించిన రవిచంద్రను అదే కుర్చీలో కూచోబెట్టింది.

"నీకు ఇంతకు ముందు పెళ్లిగిళ్లి అయిందా నాయనా?"

"లేదత్తా."

"తాగతావా?"

"ఒకసారి తాగినా. వాంతైంది."

"మా పిల్ల నచ్చిందా?"

అతను ఎర్రబడినాడు. "నచ్చింది. ఒక్కసారి నవ్వితే సూడాలని ఉండాది. నవ్వనే లేదు."

రింగు నిమ్మళంగా ఉంది. వరదమ్మ తలెత్తి కుర్చీ వెనకున్న తలుపును చూసింది.

అతన్ని సాగనంపి, జయంతి రాగానే డ్రమ్ము తెచ్చి ముందర పెట్టింది. "ఇప్పుడు చెప్పు."

జయంతి రవికెల సంచి కింద పెట్టలేదు. "నాకొద్దుమా."

రింగు కదల్లేదు.

"మరి ముందే ఏల చెప్పలేదే?"

"నాయన అంత సంబరపడతా ఉంటే ఎట్ట చెప్పేది? నువ్వు ఆ గూడూరాయన్ని అనుమానిస్తా ఉండావు కదా, నువ్వే వద్దంటావులే అనుకున్నా."

వరదమ్మ గొంతు తగ్గించింది. "ఆ కుర్చీ ఎనక కావాలనే నిలబడినావా?"

"లేదు."

రింగు నిదానంగా జయంతి వైపు కుంగింది. ఇద్దరూ చూసినారు.

వరదమ్మ తిట్టలేదు. బోల్టులు తిప్పే కీ తీసుకొని ఒక బోల్టు వదులు చేసింది, దాని ఎదుటిది వదులు చేసింది.

"నాయనకు నేను చెప్తా. పొద్దున బస్సుకు గూడూరు పోదాం. ఆ పిల్లోడిలో తప్పు లేదని వాళ్లింట్లో నువ్వే చెప్పాల."

"చెప్తాలేమా."

"డ్రమ్ము కూడా తెస్తా" అనింది వరదమ్మ.