అయితేఏంటి మేడమ్

వంటగది గట్టు మీద కాలేజీ పిల్లల కాగితాలు పరుచుకుని, ఒక కన్ను పాల మీద, ఒక కన్ను రాతల మీద వేసి దిద్దుతోంది మేడమ్. ఎర్ర పెన్ను మళ్ళీ అలవాటైన చోటే ఆగింది. 'ప్రస్తుత పత్రంలో యువతపై మొబైల్ ఫోన్ల ప్రభావం గురించి చర్చించడం జరిగింది.'

"జరిగిందా? ఎవరు జరిపారు?" అని పైకే అరిచింది.

బూట్లు తుడుచుకుంటున్న భర్త తలెత్తి, "నన్నా?" అన్నాడు.

"మిమ్మల్ని కాదు. వీణ్ణి."

ఆయన మళ్ళీ బూట్ల మీదికి వంగాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఏ సంగతీ ఔననీ కాదనీ తేల్చని మనిషి. ఏం అడిగినా 'చూద్దాం' అంటాడు. ఆ వాక్యం మీద ఆమె కొట్టిన గీతకు కాగితం చిరిగింది. ఈలోపు పాలు పొంగిపోయాయి.

కాలేజీలో ఆఖరి సంవత్సరం సైన్సు పిల్లలకు పరిశోధన పత్రం రాయడం నేర్పడం ఆమె ఉద్యోగం. ఏడాదికోసారి పొడిగించే కాంట్రాక్టు. పర్మినెంటు చెయ్యమని పెట్టుకున్న అర్జీ ఎప్పటినుంచో 'పరిశీలనలో ఉంది'. అందుకేనేమో, ఎవరైనా తమ పత్రానికి 'ఒక పరిశీలన' అని పేరు పెట్టుకొస్తే ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. మెట్ల కింద, విరిగిన కుర్చీలు పడేసే గదిలో ఆమె బల్ల. నడుం వంచకుండా లోపలికి పోవడం కుదరదు. ఆ వంగడం కూడా ఆమె కోపంలో ఒక భాగమే.

పత్రానికి ప్రాణం ఒక్క వాక్యమని ఆమె నమ్మకం. నేను చెప్పేది ఇదీ అని మొదటి పేజీలోనే కుండబద్దలు కొట్టినట్టు చెప్పే వాక్యం. క్లాసులో ఒకరు లేచి తమ వాక్యం చదవాలి, ఇంకొకరు లేచి కాదని వాదించాలి. కాదనడానికి ఎవరికీ ఏమీ దొరక్కపోతే ఆ వాక్యం చెత్తబుట్టకే. "కాలుష్యం హానికరం అని రాశావు. అయితే ఏంటి? ఎవరు కాదన్నారు?" అని మీదికొస్తే పిల్లలు నీళ్ళు నములుతారు. వెనక బెంచీలవాళ్ళు ఆమెకు పెట్టిన పేరు అయితేఏంటి మేడమ్. ఆ పేరు ఆమెకు తెలుసు. లోలోపల కాస్త ఇష్టం కూడా.

ఈ ఏడాది మొత్తానికి ఒక మంచి వాక్యం దొరికింది. రాసింది కెమిస్ట్రీ అమ్మాయి. హాజరు పిలిస్తే పక్కవాళ్ళకు తప్ప వినబడని పిల్ల. చదువు మానేసిన అమ్మాయిల ఇళ్ళకు ఒక్కొక్కరింటికీ వెళ్ళి, అడిగి, రాసుకొచ్చింది. 'మన కాలేజీలో అమ్మాయిలు సైన్సు కోర్సులు మధ్యలో వదిలేయడానికి కారణం తక్కువ మార్కులు కాదు, ప్రాక్టికల్స్ పూర్తికాకముందే వెళ్ళిపోయే కాలేజీ బస్సు.' రేపు కాలేజీలో జరిగే విద్యార్థుల సదస్సులో చదవాలి. పత్రాలన్నిటి మీదా మేడమ్ సంతకం ఇవాళ సాయంత్రంలోగా పడాలి.

పొద్దున ఆమె గదికి వచ్చేసరికి ఆ అమ్మాయి గుమ్మం దగ్గర నిలబడి ఉంది.

"మేడమ్, మీతో ఒక మాట చెప్పాలి."

"ముందు వాక్యం చదువు."

చదివింది.

"అయితే ఏంటి?"

"అయితే... వెళ్ళిపోతారు మేడమ్."

"పోతే పోనీ అంటారు రేపు. అప్పుడేం చెప్తావు?"

"చదువుకోవాలని ఉన్నవాళ్ళే వెళ్ళిపోతున్నారు మేడమ్. అది చెప్తాను."

మేడమ్ బల్ల మీద చరిచింది. "అదీ! ఆ మాటే రాయి. ముగింపులో పెట్టు." సంబరంగా కాగితాలు సర్దుకుంటూ, "ఇంతకీ ఏదో చెప్పాలన్నావు?" అంది.

"ఏం లేదు మేడమ్."

గంట కొట్టారు. మేడమ్ నడుం వంచి బయటికి వచ్చి, క్లాసుకు పరుగెత్తింది.

భోజనాలయ్యాక డిపార్టుమెంటు హెడ్డుగారు కబురు పెట్టారు. ఆయన బల్ల మీద ఆ అమ్మాయి పత్రమే ఉంది.

"కూర్చోండి మేడమ్. వాక్యం బాగుంది. మరీ బాగుంది, అదే గొడవ. బస్సు టైము పెట్టింది ప్రిన్సిపాల్ గారు. రేపు ముందు వరసలో కూర్చునేదీ ఆయనే."

పత్రం తిప్పి ఆమె ముందుకు జరిపారు. అమ్మాయి వాక్యం కొట్టేసి, పైన గుండ్రటి అక్షరాలతో 'విద్యార్థినుల చదువుపై రవాణా ప్రభావం: ఒక పరిశీలన' అని రాసి ఉంది. ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

"ఇందులో ఎవరు ఏం చేశారు సార్? బస్సు ఆగిందా, వెళ్ళిపోయిందా? పిల్లలున్నారా, మానేశారా?"

"అదంతా లోపల ఉంటుంది కదా మేడమ్. పైకి కాస్త మెత్తగా చెప్తే..."

"మెత్తగా చెప్తే మెత్తగానే వింటారు. నేను సంతకం పెట్టను."

"పెట్టకపోతే ఆ ఒక్క పత్రం ఆగిపోతుంది. అంతేగా?"

"అన్నీ ఆగిపోతాయి. ఏ ఒక్కదాని మీదా పెట్టను. రేపు ముందు వరసలోవాళ్ళకి ఖాళీ స్టేజీ చూపించుకోండి."

వరండాలో పోతున్నవాళ్ళు ఆగి తొంగిచూశారు. హెడ్డుగారు మొదట పొగిడారు, తర్వాత విసుక్కున్నారు, తర్వాత ఎవరికో ఫోను చేసి గుసగుసలాడారు. ఆమె కుర్చీకి అతుక్కుని కూర్చుంది. తాడోపేడో తేలందే లేచేది లేదు. చివరికి ఆయనకే ఓపిక అయిపోయింది.

"సరే, మీ ఇష్టం. అలాగే చదవనివ్వండి. వచ్చే ఏడాది కాంట్రాక్టు సంగతి మాత్రం నన్నడక్కండి."

"అడగను."

బయటికి వస్తుంటే ఆమెకు విచిత్రంగా హాయిగా అనిపించింది. చూద్దాం, పరిశీలిస్తాం అనకుండా ఒక మనిషి ఆమె మొహం మీద సూటిగా ఒక మాట చెప్పడం ఎన్నాళ్ళకు! పత్రం చేత్తో పట్టుకుని, ఆ మాట అమ్మాయికి చెప్పాలని ల్యాబు వైపు గబగబా నడిచింది.

ప్రాక్టికల్స్ జరుగుతున్నాయి. అమ్మాయి నిలబడే చోటు ఖాళీగా ఉంది. తొట్టి దగ్గర పరీక్ష నాళికలు కడుగుతున్న ల్యాబు ఆయాను అడిగింది.

"వెళ్ళిపోయింది కదా మేడమ్. వాళ్ళ నాన్న వచ్చి టీసీ తీసుకున్నారు. ప్రాక్టికల్స్ ఉన్న రోజు చీకటి పడ్డాక రోడ్డు వెంట నడిచి వెళ్తోందట. మొన్నెవరో వెంటపడ్డారట. ఇంక చదివింది చాలన్నారు ఇంట్లో."

"ఎప్పుడు?"

"మీరు హెడ్డుగారి గదిలో ఉన్నప్పుడే. మీ గది ముందు కాసేపు నిలబడింది కూడా. మీరు చెప్తే వాళ్ళ నాన్న వింటారని ఆశపడింది పిల్ల. పొద్దున మీకు చెప్తానందే, చెప్పలేదా మేడమ్?"

మేడమ్‌కు కోపం వచ్చింది. ముందు హెడ్డు మీద, తర్వాత ప్రిన్సిపాల్ మీద, టైము దాటి ఒక్క నిమిషం ఆగని ఆ బస్సు మీద. అవన్నీ దాటుకుని వచ్చి చివరికి తన మీద. ఆధారం ఏదని అడిగింది. ఎంతమందిని కలిశావని అడిగింది. ఎవరు కాదంటారని అడిగింది. నువ్వెలా ఇంటికి పోతున్నావమ్మా అని ఒక్కసారీ అడగలేదు. తనకు స్కూటరుంది, ఏనాడూ బస్సు కోసం నిలబడింది లేదు. మంచి వాక్యం దొరికిందని మురిసిపోయింది గానీ, ఒక పిల్ల తన గోడు చెప్పుకుంటోందని తట్టలేదు. తన మీద తనకే అసహ్యం వేసింది.

బయట బస్సు బయల్దేరిన చప్పుడు వినబడింది. అమ్మాయిలు ఇద్దరు ముగ్గురు కిటికీ వైపు చూసి మళ్ళీ పనిలో పడ్డారు.

"కోటు మర్చిపోయింది మేడమ్. ఎవరితోనైనా పంపిద్దామా?" అంది ఆయా.

తలుపు వెనక కొక్కేనికి తెల్ల కోటు వేలాడుతోంది. ఉతికి, ఇస్త్రీ చేసి ఇవాళే తెచ్చినట్టుంది, చేతుల మడతలు ఇంకా విడిపోలేదు.