ముందు వరుసలో కుర్చీ

"బొట్టు తీసెయ్ వదినా, ఇయ్యాల ఒక్కరోజు."

అత్తమ్మకు మధ్యాహ్నానికి అన్నం గిన్నెలో సర్ది మూత పెడుతుంటే, మా మరిది భూమేష్ వంటింటి గుమ్మంలో నిలబడి అన్న మాట ఇది. నా భర్త మధుకర్ పోయి అయిదు నెలలు. బడికి వెళ్లేటప్పుడు చిన్న నల్ల బొట్టుబిళ్ల పెట్టుకోవడం నేను మానలేదు. ఇంట్లో ఎవరికీ నచ్చలేదు కానీ ఎవరూ ఎదురుగా అనలేదు. భూమేష్ ఇప్పుడన్నది కూడా నచ్చక కాదు. ఆ రోజు రుద్రూర్‌లో భూమి వేలానికి వెళ్తున్నాం కాబట్టి అన్నాడు. తీసేశాను. ఎందుకని అడగలేదు.

భూమేష్‌ది ప్లాట్ల వ్యాపారం. రెండు నెలల కిందట నిజామాబాద్‌లో ఒక ప్లాటు వేలానికి వస్తే నన్ను మొదటిసారి తీసుకెళ్లాడు. "ముందు కుర్చీల కూసో. నేను సైగ జేస్తే చెయ్యెత్తు. నీ పేరు మీద పాడుదం, ఎనక నాకు రాసిద్దువు" అన్నాడు. చెయ్యెత్తాను. నా తర్వాత ఇంకెవరూ పాడలేదు. తిరిగి వస్తూ కారులో ఎవరికో ఫోనులో చెప్పాడు, "మా వదిన చెయ్యి మంచిది." చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, కానీ ఆ మాట నాకు నచ్చింది. పన్నెండేళ్లుగా ఆ ఇంట్లో నా జీతానికి ఉన్న విలువ నా మాటకు లేదు. మొదటిసారి నాలో ఏదో మంచిదని ఒకరన్నారు. ఆ ప్లాటుకు భూమిపూజ చేసిన రోజు అత్తమ్మ నా మోచెయ్యి పట్టుకుని, "నువ్వు జర ఎనకకు నిలబడు బిడ్డా, మంచి పని జరుగుతున్నది" అంది. వెనక్కి జరిగాను. ఈ రెండు మాటలనీ పక్కపక్కన పెట్టి చూసుకునే ఓపిక అప్పుడు నాకు లేదు.

రుద్రూర్ సొసైటీ ఆఫీసు వరండాలో కుర్చీలు వేశారు. భూమేష్ నన్ను ముందు వరుసలో కూర్చోబెట్టి తను గోడవారగా నిలబడ్డాడు. సొసైటీ అప్పు తీరక వేలానికి వచ్చింది దేవవ్వ అనే ముసలామె ఎకరన్నర పొలం. ఒకప్పుడు చెరుకు, ఇప్పుడు వరి. ఆమె గుమ్మం దగ్గర నేల మీద కూర్చుని ఉంది. ఎవరో కుర్చీ జరిపితే, "నా భూమి పోతుంటే నాకు కుర్సీ ఎందుకు బిడ్డా" అంది.

అధికారి కాగితం చదివాడు. సర్కారు పాట ఇరవై లక్షలు, అంతకు తక్కువకు పాడకూడదు. ఆమె అప్పూ వడ్డీ కలిపి దాదాపు అంతే. ఆపైన ఎంత వస్తే అంత ఆమెకు.

భూమేష్ సైగ చేశాడు. "ఇరవై లక్షల పదివేలు" అన్నాను. పై పాట ఎవరూ పాడలేదు. నా వెనక కుర్చీల్లో గుసగుస.

"రామ్‌దాస్, పాడవేందిరా? నీ పొలం పక్కదే గద."

"ఎట్ల పాడుత? గా టీచరమ్మ మొగడు మొన్ననే పోయిండట. ఉండనీకి జాగ గూడ లేదట, భూమేష్ చెప్పిండు. ఆమె మీద పాడితే ఉసురు తాకుతది."

"ఒకటోసారి" అన్నాడు అధికారి.

నా చెయ్యి మంచిది కాదు. నా బోసి నుదురు పనికొచ్చింది, నా తెల్లబోయిన మొహం పనికొచ్చింది. భూమిపూజలో వెనక నిలబెట్టింది దేన్ని చూసో, ఇక్కడ ముందు కూర్చోబెట్టింది కూడా దాన్ని చూసే. మధుకర్ చావును భూమేష్ రెండోసారి పాటకు పెట్టాడు. నా మీద వీళ్లందరికీ ఉన్న జాలికి ఖరీదు చెల్లించేది ఆ గుమ్మం దగ్గరి ముసలామె. ఆమె మీద ఎవరికీ జాలి కలగలేదు, ఆమె దుఃఖం పాతదైపోయింది కాబట్టి.

"రెండోసారి."

లేచి నిలబడ్డాను. గొంతు తరగతి గదిలో ఉన్నట్టే ఉంది.

"నన్ను చూసి ఆగకుండ్రి. నాకు ఇల్లున్నది, నౌకరి ఉన్నది. ఈ పాట నాది కాదు, మా మరిదిది. ఎవరికి భూమి కావాల్నో వాళ్లు పాడుండ్రి."

తలలన్నీ గోడవారగా ఉన్న భూమేష్ వైపు తిరిగాయి. తర్వాత వెనక నుంచి రామ్‌దాస్ గొంతు. "ఇరవై రెండు." ఇంకెవరో ఇరవై నాలుగన్నారు. ముప్పై ఒకటి దగ్గర రామ్‌దాస్ పేరు మీద పాట ఆగింది.

దేవవ్వ నా వైపు చూసింది. "అయిపాయెనా బిడ్డా?"

"అయిందవ్వా. నీకు పదకొండు లక్షలు మిగుల్తయి."

"గట్లనా" అని మోకాలి మీద చెయ్యి వేసి మెల్లగా లేచింది.

బయట భూమేష్ కారు తలుపు తెరిచి పట్టుకున్నాడు. "నలుగురిల ఇజ్జత్ తీసినవ్ వదినా. ఎక్కు, ఇంట్ల మాట్లాడుదం."

"మాట్లాడుదం. నేను బస్సుల వస్త."

బోధన్ బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. ఊరు దాటాక ఏడుపొచ్చింది. అయిదు నెలలుగా పదిమంది ముందు తల వంచుకుని కూర్చున్నానే కానీ ఏడవలేదు. పక్క సీటులో ఎవరూ లేరు. నన్ను ఎవరూ చూడటం లేదు. మధుకర్ కోసం హాయిగా ఏడ్చాను.