ఎడమవైపు స్పీకర్

మూడు నెలలుగా లిఫ్ట్ మెకానిక్ ఇంట్లో వేరే మాట లేదు. ముందుగదిని సినిమా హాలు చెయ్యాలి. టేపు పట్టుకుని ఆ గదిని మూడుసార్లు కొలిచాడు. టీవీకీ సోఫాకీ మధ్య ఎంత, సోఫా వెనక ఎంత, కిటికీ పక్కన మేకు దిగుతుందా లేదా, అన్నీ కాగితం మీద గీసుకున్నాడు. పెద్ద స్పీకర్లు తెస్తే మనుషులు వరండాలో కూర్చోవాలి. అందుకని చిన్నవే కావాలి. ముందు మూడు, వెనక రెండు, ఓ మూల బేస్ పెట్టె. బడ్జెట్ కూడా అంతకు మించి సాగదు.

తన చెవుల మీద అతనికి మహా గురి. ఇరవై రెండేళ్లుగా లిఫ్టులు బాగుచేస్తున్నాడు. మోటారు గదిలో రెండు నిమిషాలు నిలబడితే చాలు, మూత విప్పకుండానే బేరింగు పోయిందో బ్రేకు రాసుకుంటోందో చెప్పేస్తాడు. పనిలో తోటివాళ్లు అతన్ని ‘చెవుల మాస్టారు’ అంటారు. ఆ సంగతి ఇంటికి మోసుకొచ్చి భార్యకు చెప్పింది కూడా అతనే.

భార్య ఇంట్లో మిషను కుడుతుంది. బడిపిల్లల యూనిఫారాలు, పాడైన జిప్పులు, పొడవైన ప్యాంట్లు, ఏవి వస్తే అవి. ఈమధ్య పిలిస్తే పలకడం లేదని అతని ఫిర్యాదు. “మిషను చప్పుడులో వినపడలేదండీ” అనేది ఆమె. మిషను ఆగి ఉన్నప్పుడు కూడా అదే జవాబు. ఒకసారి అతని అక్క ఇంట్లో భోజనాల దగ్గర, మంచినీళ్ల చెంబు ఇటివ్వమని రెండుసార్లు అడిగినా ఆమె కదల్లేదు. “మా ఇంట్లో ఓ చెవిటి మాలోకం ఉందిలే” అన్నాడు అతను, అందరికీ వినపడేలా. అందరూ నవ్వారు. అందరూ ఎందుకు నవ్వుతున్నారో తెలియక ఆమె కూడా నవ్వింది. ఆ రోజు నుంచి అక్క ఇంట్లో ఆమెకు అదే పేరు స్థిరపడిపోయింది.

ఆదివారం పొద్దున షాపుకు బయల్దేరుతూ ఆమెనూ రమ్మన్నాడు.

“నేనెందుకండీ, మీరు విని తెస్తే చాలదూ?”

“చూసేది ఇద్దరం. నువ్వూ విను.”

షాపు వెనక ఓ చీకటి గది, గోడలకు మందపాటి తెరలు, మధ్యలో సోఫా. కళ్లద్దాలు నెత్తి మీదికి తోసుకున్న ఓ పెద్దాయన రెండు రకాల సెట్లు వినిపించాడు.

“వెనక స్పీకర్లు చిన్నవైనా ఫర్వాలేదు సార్. వాటి పనల్లా వాన, గాలి, దూరంగా తలుపు చప్పుడు. ఉరుములూ పేలుళ్లూ ఆ మూల పెట్టె చూసుకుంటుంది. మాటలు మాత్రం మధ్య దాంట్లోంచి వస్తాయి.”

మెకానిక్ కళ్లు మూసుకుని విన్నాడు. “కుడి వెనకది కాస్త ఆలస్యంగా పలుకుతోంది. సెట్టులో స్పీకరు దూరం సరిగ్గా కొట్టినట్టు లేరు” అన్నాడు. పెద్దాయన మెనూ తెరిచి చూశాడు. నిజమే. “ఇది పట్టుకున్నవాళ్లు ఈ ఏడాదిలో మీరొక్కరే సార్” అన్నాడు. మెకానిక్ ఛాతీ బెత్తెడు ముందుకొచ్చింది.

పెద్దాయన ఆమె వైపు తిరిగాడు. “ఇప్పుడు మీరు మేడమ్. కళ్లు మూసుకోండి. ఎవరో తలుపు తడతారు. ఎటునుంచి వస్తే అటు చెయ్యి చూపించండి.”

ఆమె భర్త వంక చూసింది. ‘కానీ’ అన్నట్టు తలాడించాడు.

ముందు ఎడమవైపు తలుపు చప్పుడైంది. ఆమె కుడివైపు చూపించింది. వెనక ఎడమవైపు అయింది. మళ్లీ కుడివైపే. మూడోసారి నిజంగానే కుడివైపు నుంచి వచ్చింది. అప్పుడు మాత్రం తప్పేమోనని భయపడి చెయ్యి గాల్లోనే ఆపేసింది.

మెకానిక్ పకపకా నవ్వాడు. “మా ఆవిడకి చెవులున్నది కమ్మలు పెట్టుకోడానికేనండీ.”

పెద్దాయన మర్యాదకు కాస్త నవ్వి వెంటనే ఆపేశాడు. బల్ల సొరుగులోంచి హెడ్‌ఫోన్ తీసి, “ఇది ఒకసారి పెట్టుకోండి మేడమ్, ఊరికే” అన్నాడు. తన ఫోన్లో ఏదో నొక్కాడు.

ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుని బుద్ధిగా కూర్చుంది. పక్కనే నిలబడ్డ మెకానిక్‌కు ఆమె ఎడమ చెవి మీది గిన్నెలోంచి డప్పులు, బూరలు గట్టిగానే వినిపిస్తున్నాయి. కుడివైపుది మౌనంగా ఉంది. పావు నిమిషం గడిచింది. అర నిమిషం.

“ఇంకా పెట్టలేదా అండీ?” అని అడిగింది ఆమె.

పెద్దాయన ఫోన్లో మరోటి నొక్కి పాటను కుడివైపుకు మార్చాడు. “ఆ, ఇప్పుడొచ్చింది” అని చిరునవ్వు నవ్వి, ఇద్దరి ముఖాలూ చూసి, ఆమె హెడ్‌ఫోన్ తీసేసింది. కమ్మలకు చిక్కుకున్న జుట్టును చాలాసేపు సర్దుకుంది.

“చెవి డాక్టరుకి ఓసారి చూపించండి సార్” అన్నాడు పెద్దాయన మెల్లగా. మెకానిక్ ఆయన ముఖం వంక చూడలేకపోయాడు. ఒక పరాయివాడు ఆమెతో పావుగంట గడిపి పట్టుకున్నది, తను ఒకే ఇంట్లో ఉండి పట్టుకోలేకపోయాడు. ఊరికే పట్టుకోలేకపోవడం కాదు. నవ్వాడు కూడా.

బస్సులో ఆమె పక్కన కూర్చున్నాక ఏదో అడిగాడు. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉంది. అప్పుడు గమనించాడు, తను కూర్చున్నది ఆమెకు ఎడమవైపు. లేచి చోటు మార్చుకున్నారు.

“ఎప్పట్నుంచి?”

“రెండేళ్లు దాటింది.”

“మరి నాతో చెప్పొద్దా?”

ఆమె నిష్ఠూరంగా చూడలేదు. “చెప్పానండీ” అంది. “ఓ పొద్దున లేచేసరికి ఆ చెవి మూతపడింది. లోపల ఒకటే హోరు. మీరు బూట్లు వేసుకుంటున్నారు, ఎక్కడో లిఫ్టు ఆగిపోయిందని. స్నానంలో నీళ్లు పోయుంటాయి, తల వంచి తట్టమన్నారు. మూడోరోజు మళ్లీ చెప్పాను. ‘నీకెప్పుడూ ఏదో ఒకటి’ అన్నారు.”

అతనికి గుర్తొచ్చింది. బూట్లు గుర్తొచ్చాయి, ఆగిపోయిన లిఫ్టు ఎన్నో అంతస్తులో ఉందో గుర్తొచ్చింది, దాని కేబుల్ చేసిన కీచు చప్పుడు కూడా గుర్తొచ్చింది. ఆమె ముఖం మాత్రం ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు. బహుశా చూసి ఉండడు.

ఆ వారంలోనే డాక్టరు దగ్గరికి వెళ్లారు. డాక్టరమ్మ పరీక్షలన్నీ చేసి గీతల కాగితం ముందు పెట్టుకుంది. “చెవి ఇలా ఉన్నట్టుండి మూతపడితే ఒక్కరోజు కూడా ఆగకూడదమ్మా. రెండు వారాల్లోపు వచ్చుంటే మందులతో కొంతైనా తిరిగొచ్చే వీలుండేది. ఇప్పుడిక ఆ చెవి మీద ఆశ పెట్టుకోవద్దు. అప్పుడు ఇంట్లో ఎవరికీ చెప్పలేదా?”

“అంత పెద్దదనుకోలేదండీ నేను” అంది ఆమె.

మెకానిక్ నోరు తెరిచాడు. బల్ల మీద ప్లాస్టిక్ చెవి బొమ్మ ఒకటి ఉంది. దానివైపే చూస్తూ మళ్లీ నోరు మూసుకున్నాడు. తను చేసిన తప్పును ఆమె అంత తేలిగ్గా తన కొంగున కట్టేసుకుంటే, అతను అక్కడ కుర్చీలో కూర్చుని కట్టుకోనిచ్చాడు.

మెట్ల దాకా వచ్చాక, “ఒక్క నిమిషం ఉండు” అని వెనక్కి వెళ్లాడు.

“డాక్టరుగారూ, ఆవిడ అప్పుడే నాతో చెప్పిందండీ. రెండుసార్లు. నేనే కొట్టిపారేశాను.”

డాక్టరమ్మ కలం ఆపింది. “కాగితంలో రాయమంటారా?”

“వద్దండీ.”

“మరి నాకెందుకు చెప్తున్నారు?”

తర్వాతి పేషెంటు అప్పటికే కుర్చీలో కూర్చుని ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తున్నాడు. మెకానిక్ బయటికొచ్చేశాడు. “ఏంటండీ?” అంది భార్య. “ఏం లేదు” అన్నాడు.

ఎడమవైపు శబ్దాన్ని పట్టి కుడిచెవికి చేరవేసే మిషను ఒకటుందని డాక్టరమ్మ చెప్పింది. స్పీకర్లు మానేసి అదే కొందామన్నాడు అతను. వాడి చూడమని వారం రోజులకు ఇచ్చారు. నాలుగోరోజుకే ఆమె తీసి డబ్బాలో పెట్టేసింది. “కుట్టు మిషను మోత రెండింతలైంది. నాకిది పడదు. ఇవ్వండి తిరిగి.”

తర్వాత స్పీకర్ల ఊసే ఎత్తలేదు అతను. గది కొలతల కాగితం మడిచి ఎక్కడో పడేశాడు. చివరికి ఆమే అడిగింది. “షాపుకి ఎప్పుడు వెళ్తున్నాం?”

“ఇప్పుడెందుకులే.”

“నా మూలాన మానేశారని జీవితాంతం నేను మొయ్యాలా? పదండి.”

ఈసారి బేరమంతా ఆమే చేసింది. పెద్దాయన తన కుడిపక్కకు వచ్చేలా సర్దుకుని నిలబడి, “మాటలు మధ్య స్పీకర్లోంచి వస్తాయన్నారు కదా” అంది. “ఒక్క చెవితో వినేవాళ్లకి మాటలు స్పష్టంగా ఉండాలంటే ఏం చెయ్యాలి?”

“మధ్యది మంచిది తీసుకోండమ్మా. వెనక రెండూ అన్నిటికన్నా చిన్నవి సరిపోతాయి. బేస్ పెట్టె కూడా తగ్గించుకోవచ్చు.”

“అయితే అలాగే ఇవ్వండి.”

మూడు నెలలు నిద్ర మానుకుని అతను వేసుకున్న లెక్కలో బేస్ పెట్టెకే పెద్ద పీట. మధ్య స్పీకర్ గురించి ఒక్క ముక్క రాసుకోలేదు. మాటల సంగతి అతనికి అసలు తట్టనేలేదు. అట్టపెట్టెలు మోస్తూ ఆమె వెనకే నడిచాడు.

వెనక స్పీకర్లు కొబ్బరిచిప్పలంత ఉన్నాయి. గోడకు ఎక్కించి, దూరాలు సరిచేసి, మరుసటి ఆదివారం మధ్యాహ్నం అక్కనూ బావనూ సినిమాకు పిలిచాడు. అక్క వస్తూనే సోఫాలో చతికిలబడి, ఆపేక్షగా మరదలి తొడ మీద చరిచింది.

“ఏమ్మా చెవిటి మాలోకం, ఇంత మోతలో నీకు ఈరోజైనా వినపడుతుందా?”

బావ నవ్వాడు. ఆమె కూడా నవ్వింది, అలవాటైన నవ్వు. మెకానిక్ రిమోట్ తీసుకుని సినిమా ఆపేశాడు.

“అక్కా, ఆ మాట ఇంక అనకు.”

“అదేంట్రా, పెట్టింది నువ్వేగా.”

“నేనే పెట్టాను. తనకి ఎడమ చెవి నిజంగానే వినపడదు. రెండేళ్లయింది. వెంటనే నాతో చెప్పింది, నేను వినిపించుకోలేదు. అప్పుడే డాక్టరుకి చూపిస్తే కొంత బాగయ్యేదేమో. మీ అందరి ముందు నవ్వులపాలు చేసింది నేను.” ఒక్క ఊపున చెప్పేశాడు.

తెర మీద ఎవరో నోరు తెరుచుకుని ఆగిపోయి ఉన్నాడు. బావ తివాచీ అంచు చూస్తూ కూర్చున్నాడు. అక్క కళ్లు తుడుచుకుని మరదలి చెయ్యి పట్టుకోబోయింది. ఆమె మెల్లగా చెయ్యి విడిపించుకుని లేచింది.

“టీ పెడతాను.”

సినిమా సగంలోనే వాళ్లు వెళ్లిపోయారు. తలుపు వేసి వచ్చేసరికి ఆమె కప్పులు కడుగుతోంది. అతను కుళాయి కట్టేసి, ఆమె కుడివైపుకు వెళ్లి నిలబడ్డాడు.

“కోపమొచ్చిందా?”

“నన్నడిగారా?”

“నీకోసమే కదా...”

“నాకోసం కాదు. మీ గుండె బరువు దించుకోడానికి.” గొంతు పెంచలేదు ఆమె. “నా చెవి సంగతి ఎవరికి చెప్పాలో నేను చూసుకోవద్దా? రేపట్నుంచి వదిన నాతో అరిచి మాట్లాడుతుంది. ఆమె నోట్లో మాట దాగదు. వీధిలో తెలిస్తే, చెప్పిన కొలతలు నాకు వినపడ్డాయో లేదోనని బట్టలు ఇంకోచోట ఇచ్చుకుంటారు. రెండేళ్లు ఎవరికీ తెలియకుండా నెట్టుకొచ్చాను.”

అతను కాదనలేకపోయాడు. అక్కతో ఆ మాటలు చెబుతున్నప్పుడే లోపల ఏదో తేలికపడింది. ఎంత హాయిగా అనిపించిందో అతనికి తెలుసు. ఆమె ముఖం అప్పుడూ చూడలేదు.

“ఇప్పుడేం చెయ్యమంటావు?”

“ఏమీ చెయ్యొద్దు. నా గురించి చెప్పేముందు నన్నడగండి. అంతే.” కప్పులు బోర్లించి, చేతులు తుడుచుకుని మిషను ముందుకు వెళ్లిపోయింది. రెండు రోజులు అవసరానికి మించి మాట్లాడలేదు. అతనూ కదిలించలేదు.

మూడోరోజు సాయంత్రం పని నుంచి వచ్చేసరికి ఆమె వంటింట్లో ఫోన్ మాట్లాడుతోంది. అవతల అక్క. అరుస్తున్నట్టుంది. “అరవక్కర్లేదు వదినా, బాగానే వినపడుతోంది... లేదు, ఎవరికీ చెప్పకండి... ఆ, ఆయన సంగతి తెలిసిందేగా” అంటోంది. తర్వాత చాలాసేపు విని, పడీపడీ నవ్వింది. అలవాటుగా నవ్వే నవ్వు కాదది.

అతను ముందుగదిలో బూట్లు విప్పుకుంటూ ఆగిపోయాడు. తన గురించే నవ్వుతోందనిపించింది. ఏమన్నదో అడగలేదు. అడిగే మొహం లేదు. బూట్లు మూలన పెట్టి, చప్పుడు చెయ్యకుండా సోఫాలో కూర్చుని, ఆమె నవ్వు పూర్తయ్యేదాకా విన్నాడు.